మోకాలికి పొడి, కడుపులో మంట

"పెయిన్ స్ప్రే ఇయ్యన్నా. పెద్దది."

జయచంద్ర తలెత్తి చూశాడు. కౌంటర్ అవతల ఒక అమ్మాయి. ట్రాక్ ప్యాంటు, మోకాలి దాకా ఎర్రమట్టి, చెమటకు నుదుటి మీద అతుక్కుపోయిన జుట్టు. ఒంటికాలి మీద బరువంతా వేసి, రెండో కాలిని నేలకు ఆనీ ఆనకుండా పెట్టి నిలబడింది.

"ఎవరికి?"

"నాకే."

"యాడ నొప్పి?"

"మోకాలు. నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు. ఫార్మసిస్టును."

"అయితే స్ప్రే ఇయ్యి."

ఇచ్చేస్తే సరిపోయేది. గుంతకల్లు స్టేషన్ రోడ్డులో మందుల షాపు పెట్టుకున్నవాడికి పొద్దున్నే బోణీ బేరం. కానీ జయచంద్రకు నోరు ఊరుకోదు. బి.ఫార్మసీ చదివినప్పటి నుంచి ఉన్న జబ్బు అది.

"స్ప్రే కొడితే నొప్పి తెలీదు, అంతే. లోపల దెబ్బ అట్లే ఉంటాది. తెలీకుండా పరిగెత్తినావంటే ఉన్న మోకాలు గూడా పోతాది."

"షాపు పెట్టుకునింది అమ్మేదానికా, పాఠాలు చెప్పేదానికా? రోడ్డుకు ఆ పక్క ఇంకో షాపుండాది, తెలుసా?"

"తెలుసు. వాడు ఏమడిగితే అది ఇస్తాడు. పో."

ఆమె వెనక్కి తిరిగి ఆ షాపు వైపు చూసింది. మధ్యలో ఆటోలు, బస్సులు, కూరగాయల బండ్లు. ఒకసారి తన మోకాలి వైపు చూసుకుంది. మళ్ళీ ఇటు తిరిగింది.

"అంత దూరం నడవలేను. లేకుంటే పోయేదాన్నే" అంది కోపంగా.

జయచంద్రకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. స్టూలు ముందుకు జరిపి, క్రేప్ బ్యాండేజీ చేతికిచ్చాడు. ఆమె దాన్ని మోకాలికి తలపాగాలా చుట్టుకుంది. చూడలేక ఇంకో బ్యాండేజీ విప్పి, తన మోకాలికే కట్టి చూపించాడు. షాపుకు వచ్చిన ముసలాయన ఒకడు ఇద్దరి మోకాళ్ళూ చూసి, "ఏమప్పా, ఇద్దరూ కలిసే పడినారా?" అని అడిగాడు.

అప్పుడు నవ్వింది ఆ అమ్మాయి. వాన రాదని తెలిసిన ఊళ్ళో మబ్బు పట్టినట్టు, ఒక్క క్షణం షాపంతా చల్లబడింది.

ఆమె పేరు హేమావతి. వాళ్ళది తనకల్లు దగ్గర పల్లె. నాయన ఓబుళేసు రైల్వేలో గ్యాంగ్‌మన్. చిన్నప్పుడు మేకల వెనక పరిగెత్తీ పరిగెత్తీ, బడిలో పరిగెత్తి, కాలేజీలో పరిగెత్తి, చివరికి స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనే గుమాస్తా ఉద్యోగం తెచ్చుకుంది. ఎనిమిది వందల మీటర్ల పరుగులో డివిజన్‌కు ఆమే ఆశ. దసరా తర్వాత పెద్ద పోటీలు. ఈలోపు మోకాలు మొరాయించింది.

ఇవన్నీ జయచంద్రకు ఒక్కరోజులో తెలియలేదు. ఆమె ప్లాస్టరుకని ఒకసారి, గ్లూకోజు పొడికని ఒకసారి, వాళ్ళమ్మ దగ్గుమందుకని ఒకసారి వస్తూ, స్టూలు మీద కూర్చుని చెప్పిన మాటలవి. షాపులో ఉన్న మందులన్నిటి పేర్లూ చదివేది. ఎందుకు పనికొస్తుందో అడిగేది. అతను చెప్తుంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది.

అంతా బాగుంది. ఒక్కటే బాగాలేదు.

"వస్తానన్నా" అనేది వెళ్ళేటప్పుడు.

గుంతకల్లులో పోర్టరూ అన్నే, పోలీసూ అన్నే, పాలవాడూ అన్నే. అందులో ఏమీ లేదని జయచంద్రకు తెలుసు. తెలిసినా ఆ మాట విన్న ప్రతిసారీ ఎవరో రాఖీ కట్టినట్టు చెయ్యి తడుముకునేవాడు.

* * *

ఆ వేసవి చివర్లో తిప్పేష్ దిగాడు.

బెంగుళూరు నుంచి వచ్చి, మెయిన్ రోడ్డులో మేడ మీద జిమ్ పెట్టాడు. ఒకప్పుడు కబడ్డీ ఆటగాడు. గట్టిగా ఊపిరి పీలిస్తే చినిగిపోతాయేమో అనిపించే టీషర్టులు, నల్ల మోటారుసైకిలు, కన్నడం కలిసిన తెలుగు. ఊళ్ళో సగంమంది కుర్రాళ్ళు వారం తిరక్కుండానే చంకల్లో సెగ్గడ్డలు లేచినట్టు చేతులు ఎడంగా పెట్టుకుని నడవడం మొదలుపెట్టారు.

ఒక సాయంత్రం హేమావతి షాపుకొచ్చి కౌంటర్ మీద తెల్లటి డబ్బా ఒకటి పెట్టింది.

"ఇది కొలాజెన్ పొడి అంట. పాలల్లో కలుపుకుని తాగితే మోకాళ్ళల్లో గుజ్జు మళ్ళీ పెరుగుతాదంట. ముఖం గూడా మెరుస్తాదంట. తాగొచ్చా?"

"ఎవరిచ్చినారు?"

"తిప్పేష్."

తిప్పేష్! తిప్పేషన్న కాదు, తిప్పేష్ సార్ కాదు. ఉత్త తిప్పేష్. జయచంద్ర కళ్ళు వాటంతటవే రోడ్డు మీదికి పోయాయి. నల్ల మోటారుసైకిలు మీద ఒక కాలు నేలకు ఆనించి, అద్దంలో జుట్టు సవరించుకుంటున్నాడు తిప్పేష్. ఆమె కోసమే ఆగి ఉన్నాడు.

"ఉత్త జిగురు" అన్నాడు జయచంద్ర. "ఎద్దుతోలు, ఎముకలు ఉడకబెట్టి, ఆరబెట్టి, పొడి కొట్టింటారు. మోకాలికీ రాదు, ముఖానికీ రాదు. దుడ్లు దండగ."

"అంత గట్టిగా చెప్తాండావే. డబ్బా తిప్పి గూడా చూడలేదు నువ్వు."

"చూసేదేముందీ? అన్నీ ఒకటే."

"నేను నిన్న కాళ్ళ పగుళ్ళకు మందు అడిగితే, అట్ట మీద ఉన్నదంతా చదివి, ఇంకొకటి తీసి, అదీ చదివి, అప్పుడిచ్చినావు. ఈపొద్దు ఏమైంది?"

ఆమె డబ్బా తీసుకుని, మోటారుసైకిలెక్కి వెళ్ళిపోయింది. గ్రౌండుకు ఆ బండి మీద వెళ్ళేది కాదు ఎప్పుడూ. కాలు నొప్పి కాబట్టి ఎక్కింది అనుకున్నాడు. నొప్పి ఉన్నవాళ్ళంతా వాడి బండే ఎక్కాలా అని కూడా అనుకున్నాడు. అసిడిటీ మాత్ర ఒకటి నోట్లో వేసుకున్నాడు. షాపులో ఎన్నో రకాల మంటలకు మందులున్నాయి. ఈ మంటకు మాత్రం పని చేయలేదు.

* * *

మరుసటి వారం నుంచి జయచంద్ర పొద్దున్నే రైల్వే గ్రౌండుకు వాకింగ్ మొదలుపెట్టాడు.

"ఏమప్పా, నీకేమన్నా షుగరొచ్చిందా?" అని వాళ్ళమ్మ రామసుబ్బమ్మ కంగారుపడింది. "ఆరోగ్యానికమ్మా" అన్నాడు. ఇన్నేళ్ళూ లేని ఆరోగ్యం ఇప్పుడెందుకని ఆమె అడగలేదు. కానీ కొడుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని, ఆఫీసు బూట్లతో వాకింగుకు పోవడం చూసి ఏదో అర్థం చేసుకుంది.

గ్రౌండులో తిప్పేష్ స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడేవాడు. హేమావతి మెల్లగా పరిగెత్తేది. ఒక్కో చుట్టు అయ్యేసరికి "సూపర్ హేమా!" అని అరిచేవాడు. హేమావతి కాదు, హేమా. ఆమె పళ్ళు బిగించి పరిగెత్తుతోందని, ఎడమకాలు దించేటప్పుడు ముఖం చిట్లిస్తోందని జయచంద్ర గమనించాడు. అది సూపర్ ఎట్లా అవుతుందో అర్థం కాలేదు.

ఒకరోజు తిప్పేషే అతన్ని చూసి పిలిచాడు.

"రా అన్నా, ఒక రౌండ్ పరిగెత్తుదాం!"

వద్దని ఉంటే గౌరవంగా ఉండేది. హేమావతి చూస్తోంది. జయచంద్ర పరిగెత్తాడు. సగం దూరం బాగానే పోయాడు. ఆ తర్వాత ఆకాశం, నేల, చింతచెట్లు అన్నీ ఒక రంగులోకి మారాయి. చివరికి వచ్చేసరికి నడుముమీద చేతులు పెట్టుకుని, చేపలా నోరు తెరిచి కూలబడ్డాడు.

తిప్పేష్ నీళ్ళసీసా అందించాడు. భుజం తట్టాడు. "పర్వాలేదన్నా, మోకాళ్ళు బిగుసుకున్నాయి నీకు. ఒక డబ్బా నా తరఫున ఫ్రీగా ఇస్తా. రెండు నెలలు తాగు."

వెటకారమైతే తిరిగి ఒక మాట అనొచ్చు. వాడు నిజంగానే జాలిపడ్డాడు. జయచంద్రకు అది ఇంకా మండింది.

"మోసం అంటే ఇదేనప్పా!" అన్నాడు గసపోస్తూనే. "కుంటుతాండే అమ్మాయికి పొడి తాపి పరిగెత్తిస్తాండావు. నీకు డబ్బా అమ్ముడుపోతే చాలు, ఆమె కాలు ఏమైపోతే నీకెందుకు?"

గ్రౌండులో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. తిప్పేష్ ముఖం ఎర్రబడింది. "నేను తాగేదే అమ్ముతాండా అన్నా. నా మోకాలు దాంతోనే బాగైంది" అని మాత్రం అన్నాడు.

హేమావతి కుంటుతూనే వచ్చి జయచంద్ర ఎదురుగా నిలబడింది.

"జయచంద్రా, ఒకటి అడుగుతా, నిజం చెప్పు. నీకు కోపం పొడి మీదనా, పొడి ఇచ్చినోని మీదనా?"

జయచంద్ర నీళ్ళసీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

"నీ మాటంటే నాకు ఒక గురి ఉండె. మా అమ్మకు గూడా చెప్పినా, ఆ షాపులో అబద్ధం చెప్పరు అని. ఇంక నీ షాపుకు రాను."

వెళ్ళిపోయింది. ఎండలో అట్లాగే కూర్చుండిపోయాడు. చాలాసేపటికి గుర్తొచ్చింది, ఆమె ఈసారి అన్నా అనలేదని. అంత బాధలోనూ ఒక నిమిషం సంతోషం వేసింది. ఆ సంతోషానికి మళ్ళీ సిగ్గేసింది.

* * *

హేమావతి చెప్పినట్టే చేసింది. రోడ్డుకు ఆ పక్క షాపుకు వెళ్ళేది. ఈ పక్క నుంచి జయచంద్రకు కనపడేది. అక్కడ షాపువాడు అడిగినవన్నీ సంచిలో వేసి ఇచ్చేవాడు.

వాన కూడా అట్లాగే చేసింది. ఆ ఏడు చెనక్కాయలు విత్తిన తర్వాత మొహం చాటేసింది. రోజూ సాయంత్రం మబ్బులు వచ్చి, ఊరి మీద నిలబడి, ఏదో మర్చిపోయినట్టు బళ్ళారి వైపు వెళ్ళిపోయేవి.

ఒకరోజు రామసుబ్బమ్మ అన్నం వడ్డిస్తూ మెల్లగా చెప్పింది. "ఆ జిమ్ము పిల్లోని తల్లి ఆదివారం బెంగుళూరు నుంచి వస్తాందంట. ఆ పరిగెత్తే పిల్లను చూసేదానికి. రైల్వే క్వార్టర్స్ అంతా అదే మాట."

జయచంద్ర అన్నంలో చెయ్యి అట్లాగే పెట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వేమన్నా చెప్పేదుంటే ఇప్పుడే చెప్పాల్నప్పా" అంది ఆమె. "నాకు కాదు."

ఏం చెప్పాలి? ఆ పొడి మోసమని గట్టిగా, పుస్తకాల్లోంచి రుజువు చేస్తే? అప్పుడు తన కోపం న్యాయమైన కోపం అవుతుంది. తిప్పేష్ మాట చెల్లదు. ఆ ఆలోచనతో మరుసటిరోజు పొద్దున్నే షాపు మూసి, అనంతపురం ప్యాసింజరు ఎక్కాడు. కాలేజీలో తనకు పాఠం చెప్పిన నల్లప్ప సారు రిటైరై అక్కడే ఉంటున్నాడు.

సారు వరండాలో ఉడకబెట్టిన చెనక్కాయలు ఒలుచుకుంటూ కనిపించాడు.

"ఏమప్పా జయచంద్రా, షాపు మూసి వచ్చినావే?"

"ఒక డౌటు సార్. కొలాజెన్ పొడి తాగితే మోకాళ్ళకు ఏమీ రాదు కదా సార్? ఉత్త మోసమే కదా?"

"ప్రశ్న అడుగుతాండావా, జవాబు చెప్తాండావా?"

జయచంద్ర తల గోక్కున్నాడు.

"అది ప్రోటీను" అన్నాడు సారు. "మనం తినే గుడ్డు, పప్పు మాదిరే కడుపులో ముక్కలైపోతాది. ఆ ముక్కలకు మోకాలి అడ్రసు ఎవరు రాసిస్తారు? క్లాసులో నేను చెప్పింది అదే."

జయచంద్ర ముఖం వెలిగింది. "అంతే కదా సార్!"

"ఆగు. ఈమధ్య ఇంకొకటి చదివినా. విదేశాల్లో ఎవరో కాలేజీ ఆటగాళ్ళకు కొన్ని నెలల పాటు ఈ పొడి ఇచ్చి చూసినారు. తాగినోళ్ళకు నొప్పి కొంచెం తగ్గిందని రాసినారు."

"కొంచెమే కదా సార్?"

"కొంచెమే. పైగా దుడ్లు పెట్టింది ఆ పొడి చేసే కంపెనీనే. చూసింది కొద్దిమందినే. దాన్ని పట్టుకుని తాగమని చెప్పలేం. మోసమని కొట్టెయ్యనూ లేం. ఇంకా సరిగ్గా తెలీదు అనేదే నిజం."

"ముఖం మెరుస్తాదంటారు సార్..."

"దానికి రుజువు ఇంకా తక్కువ. అడ్వర్టైజుమెంట్లు ఎక్కువ." సారు చేతులు దులుపుకున్నాడు. "ఇంతకూ ఎవరిదప్పా ఆ మోకాలు?"

"కస్టమర్ సార్."

"కస్టమర్ మోకాలి కోసం రైలెక్కి వచ్చిన షాపుకారును నిన్నే చూస్తాండా" అని ఒక పిడికెడు చెనక్కాయలు అతని చేతిలో పోశాడు సారు. "సగం చెప్పొద్దు. మొత్తం చెప్పు. నీకు నచ్చని సగం ముందు చెప్పు."

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చున్నాడు జయచంద్ర. బయట చేలల్లో చెనక్కాయ మొక్కలు జానెడు కూడా లేవకుండా పసుపుపచ్చగా తిరిగాయి. కత్తి కోసం వెళ్ళినవాడు, కత్తి పిడి శత్రువు వైపు తిరిగి ఉందని తెలుసుకుని వస్తున్నాడు. సారు చెప్పిన రెండో సగం ఎవరికీ తెలియదు. చెప్పకపోతే అడిగేవాళ్ళు లేరు. "సారును అడిగినా, అది ప్రోటీనే, కడుపులోనే ముక్కలైపోతాదంట" అంటే అబద్ధమూ కాదు. చెబితే మాత్రం తిప్పేష్ మాట కొంచెమైనా నిలబడుతుంది. ఎల్లుండి ఆదివారం.

పామిడి దాటినా, గుత్తి దాటినా అతనికి ఏమీ తేలలేదు. గుంతకల్లులో దిగి, ఇంటి దారి పట్టాల్సినవాడు రైల్వే క్వార్టర్స్ దారి పట్టాడు.

* * *

హేమావతి వాళ్ళ ఇంటిముందు వాళ్ళమ్మ నల్లమ్మ చేటలో రాగులు చెరుగుతోంది. హేమావతి మంచం మీద కాలు చాపుకుని, మోకాలి మీద ఐసుముక్కల గుడ్డ పెట్టుకుని ఉంది.

"ఏమి? ఇంకా తిట్టేది మిగిలిందా?" అంది అతన్ని చూడగానే.

"లేదు. తప్పు చెప్పినానని చెప్పేదానికి వచ్చినా."

నిలబడే చెప్పాడు. ఆటగాళ్ళకు ఇచ్చి చూస్తే నొప్పి కొంచెం తగ్గిందన్న మాట ముందు చెప్పాడు. కంపెనీవాళ్ళే దుడ్లు పెట్టిన సంగతి తర్వాత చెప్పాడు. ముఖం మెరుపు సంగతి నమ్మొద్దన్నాడు. అది తోలు నుంచో, ఎముకల నుంచో, చేపల నుంచో తీస్తారనీ, తాగితే మామూలుగా చెడు చెయ్యదనీ, మంచి చేస్తుందని మాట ఇవ్వలేననీ చెప్పాడు.

హేమావతి వింటూ ఉంది. చాలా రోజుల తర్వాత ఆమె చెయ్యి గడ్డం కిందికి వెళ్ళింది.

"ఇన్ని చెప్పొద్దు. కొనాల్నా, వద్దా?"

"నా మోకాలైతే కొనను. ఆ దుడ్లతో ముందు ఎముకల డాక్టరుకు చూపిస్తా. లోపల ఏముందో తెలీకుండా స్ప్రే కొట్టినా, పొడి తాగినా ఒకటే. డాక్టరు చూసినాక గూడా తాగాలనిపిస్తే తాగు."

"తిప్పేష్ కూడా నమ్మే చెప్పినాడంటావా?"

"నమ్మే చెప్పినాడు. వాడు మోసగాడు కాదు."

"మరి ఆపొద్దు డబ్బా గూడా చూడకుండా అట్లా ఎందుకన్నావు?"

"వాడు బయట బండి మీద ఉన్నాడు. అందుకు."

నల్లమ్మ చేతిలో చేట ఆగింది.

"ఉంటే?" అంది హేమావతి.

"ఉంటే... నాకు కడుపు మండింది."

ఎక్కడో గూడ్సు బండి పెట్టెలు ఒకదానికొకటి తగులుకున్న చప్పుడు. హేమావతి మోకాలి మీద ఐసు కరిగి మంచం కిందికి కారుతోంది. ఆమె దాన్ని తుడుచుకోలేదు.

నల్లమ్మ లేచి లోపలికి పోయి, చెంబునిండా మజ్జిగ తెచ్చి జయచంద్ర చేతికిచ్చింది.

"తాగు నాయనా. కడుపుమంటకు మంచిది" అంది నవ్వకుండా.

జయచంద్ర ఆ మజ్జిగ ఎట్లా తాగాడో, ఇంటికి ఎట్లా వచ్చాడో అతనికే తెలియదు.

* * *

ఆదివారం షాపు తెరవలేదు. తెరవకుండా మేడ మీద నిలబడి రోడ్డు చూశాడు. తిప్పేష్, వాళ్ళమ్మ ఆటోలో క్వార్టర్స్ వైపు వెళ్ళారు. ఆమె ఒడిలో పూలబుట్ట కనిపించింది. దిగి వచ్చి పడుకున్నాడు. రామసుబ్బమ్మ అన్నానికి పిలవలేదు.

సోమవారం మధ్యాహ్నం నల్ల మోటారుసైకిలు షాపు ముందు ఆగింది. తిప్పేష్ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. అదే స్టూలు మీద కూర్చోవాలా అనుకున్నాడు జయచంద్ర.

"కాదనింది అన్నా" అన్నాడు తిప్పేష్.

జయచంద్ర చేతిలోని మందుల అట్ట కౌంటర్ మీద పెట్టాడు.

"మా అమ్మ ఎదురుగానే చెప్పింది హేమ. తిప్పేష్, నువ్వు మంచోడివి, నాకు మనసు లేదు అని. డాక్టరుకు గూడా చూపించుకునింది. గుజ్జు కొంచెం దెబ్బతినిందంట. తొడ కండ బలం చాలదంట. ఈ ఏడాది పరుగు వద్దన్నాడంట." తిప్పేష్ తల వంచుకున్నాడు. "నేను పరిగెత్తు పరిగెత్తు అంటి. అది తప్పే."

"నువ్వు కావాలని చెయ్యలేదు కదప్పా."

"నువ్వు నా పొడి గురించి మంచి గూడా చెప్పినావంట. నీ జాగాలో నేనుంటే చెప్పేవాణ్ణి కాదు." లేచి, చెయ్యి కలిపి, వెళ్ళిపోయాడు.

ఇంత మంచివాడిని చూసి ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నానే అని జయచంద్రకు బాధేసింది. ఆ వెంటనే, ఇంత మంచివాడిని ఆమె రోజూ చూస్తుందే అని మళ్ళీ భయమేసింది.

హేమావతి ఆ సాయంత్రమే షాపుకు వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. పోటీలు తప్పిపోయిన దుఃఖం. ఏ మందూ అడగలేదు. జయచంద్ర ఏ పాఠమూ చెప్పలేదు. టీ తెప్పించాడు. ఆమె తాగింది. కస్టమర్లు వచ్చి పోతూనే ఉన్నారు. షట్టర్ దించే వేళకు "వస్తా" అని లేచింది.

ఉత్త వస్తా.

* * *

తర్వాతి రోజుల్లో డాక్టరు చెప్పిన వ్యాయామాలు చేసింది హేమావతి. గ్రౌండులో మెల్లగా నడిచేది. పక్కన జయచంద్ర నడిచేవాడు. ఈసారి సెంటు లేదు, బూట్లు మాత్రం పరుగు బూట్లు కొన్నాడు. కొన్న డబ్బా పారెయ్యడం ఇష్టం లేక ఆమె పొడి తాగుతూనే ఉంది. వాళ్ళమ్మ వారం వారం పొట్టేలు కాళ్ళ పులుసు కాచేది. నొప్పి తగ్గుతూ వచ్చింది. వ్యాయామం వల్లేనని డాక్టరు. పొడి వల్లేనని తిప్పేష్. తన పులుసు వల్లేనని నల్లమ్మ. ఎవరిది నిజమని అడిగితే జయచంద్ర ఆలోచించి, "మూడూ ఒకేసారి చేసినావు కాబట్టి చెప్పలేం" అన్నాడు. హేమావతి పడీ పడీ నవ్వింది.

అన్నీ మాట్లాడుకునేవారు, ఒక్క మాట తప్ప. కడుపు మండిందని ఒప్పుకున్న రోజే ఆ మాట చెప్పేశానని అతను అనుకున్నాడు. ఇంకా చెప్పలేదని ఆమె అనుకుంది.

అట్లా ఉండగా ఒకరోజు, సీజను అయిపోయిందనుకున్న తర్వాత, వాన వచ్చింది. స్టేషన్ రోడ్డు మీద మట్టివాసన లేచింది. హేమావతి ఆఫీసు నుంచి పరుగులాంటి నడకతో షాపు దాకా వచ్చి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

లోపల తన స్టూలు మీద ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. జరీ అంచు చీర, తోలుసంచి, చేతిలో తడిసిన గొడుగు. ఆమె ఏదో చెప్తోంది. జయచంద్ర నవ్వుతున్నాడు. అతను టీ తాగుతున్నాడు. ఆమె కూడా టీ తాగుతోంది.

హేమావతి లోపలికి పోలేదు. వానలో నిలబడింది.

"హేమావతీ! తడుస్తాండావే, లోపలికి రా!" అని పిలిచాడు జయచంద్ర.

"నాకేం పర్వాలేదు."

ఆ అమ్మాయి గొడుగు తెరుచుకుని, "వచ్చే నెల వస్తాను సార్" అని నవ్వి, ఆటో ఎక్కిన తర్వాత గానీ ఆమె గుమ్మం దాటలేదు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఎవరామె?"

"పుష్పావతి అని మెడికల్ రెప్. కర్నూలు నుంచి వస్తాది."

"ఏమి అమ్ముతాది?"

"ముఖానికి కొలాజెన్ మాత్రలు."

"తీసుకున్నావా?"

"లేదు. రుజువుంటే చూపించమన్నా. వచ్చే నెల తెస్తానంది."

"వచ్చే నెల మళ్ళీ వస్తాదా?"

"ప్రతి నెలా వస్తాది. అది ఆమె ఉద్యోగం."

"అంత నవ్వేది గూడా ఉద్యోగమేనా? టీ ఎందుకిచ్చినావు? వచ్చినోళ్ళందరికీ టీ ఇస్తావా? నా ముఖం బాగాలేదు కాబట్టి నాకు గూడా ఆ మాత్రలే ఇస్తావేమో!"

జయచంద్ర ఆమెను చూస్తూ ఉండిపోయాడు. ఎండకు కమిలిన చెంపలు, పగిలిన పెదవులు, కోపంతో అదిరే ముక్కుపుటాలు. ఇంత అందమైన కోపం అతను ఎప్పుడూ చూడలేదు. లోపల్నుంచి పొంగుకొస్తున్న సంతోషాన్ని ఎక్కడ దాచాలో తెలియలేదు.

"నీ ముఖానికి ఏ మాత్రా అక్కర్లేదు" అన్నాడు.

"మాట మార్చొద్దు! వచ్చే నెల ఆమె వచ్చే దినం నేను సెలవు పెట్టి ఈ స్టూలు మీదే కూర్చుంటా. ప్రతి నెలా కూర్చుంటా."

"కూర్చో. ఎవరీమె అని కస్టమర్లు అడిగితే ఏమని చెప్పాల్న?"

"పెళ్ళాం అని చెప్పు!"

అనేసింది. అన్న తర్వాత రెండు చేతులతో నోరు మూసుకుంది. బయట వాన రేకుల మీద దడదడా కొడుతోంది. అరుగు మీద తలదాచుకున్న ముసలాయన ఒకడు ఇటు తిరిగి, మర్యాదగా మళ్ళీ అటు తిరిగాడు.

"చెప్తా" అన్నాడు జయచంద్ర. "ఈపొద్దు నుంచే చెప్తా."

షట్టర్ దించాడు. ఇద్దరూ వానలోనే క్వార్టర్స్ వైపు నడిచారు. గొడుగు లేదు, కావాలని ఇద్దరికీ తోచలేదు.

ఓబుళేసు డ్యూటీ దిగి వచ్చి వాకిట్లో వాన చూస్తూ బీడీ కాలుస్తున్నాడు. తడిసి ముద్దైన ఇద్దరినీ కింద నుంచి పైదాకా చూశాడు. నల్లమ్మ గుమ్మంలోకి వచ్చి, కూతురి ముఖం ఒక్కసారి చూసి, ఏమీ అడక్కుండా తువ్వాలు తేవడానికి లోపలికి పోయింది.

"మాది కూలి చేసుకుని బతికిన ఇల్లప్పా" అన్నాడు ఓబుళేసు. "మీ అమ్మ ఒప్పుకుంటాదా?"

"మా అమ్మ ఎప్పటి నుంచో పోయి చెప్పమంటాంది. నాకే ధైర్యం చాలలేదు."

"ఈ పిల్ల పరిగెత్తేది మానదు. వచ్చే ఏడు మళ్ళీ పోటీలంటాది. పెండ్లయినాక వద్దంటే కుదరదు."

"మానొద్దు మామా. నేనే గ్రౌండుకు పిల్చుకుని పోతా."

ఓబుళేసు బీడీ నోట్లోంచి తీశాడు.

"మేయ్ నల్లమ్మా!" అని లోపలికి కేక వేశాడు. "ఇంకా ఒక్క మాట గూడా మాట్లాడుకోలేదు, అప్పుడే నన్ను మామా అంటాండాడు చూడు!"

"అననీలే" అంది నల్లమ్మ, రెండు తువ్వాళ్ళు పట్టుకొచ్చి. "తల తుడుచుకో అల్లుడా. జలుబు చేస్తాది."